డ్రోన్ కెమెరా మంచిదే, ఎత్తే ఎక్కువైంది

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే తిరుపతిలో నాలాంటి ఆల్బం డిజైనర్ల టేబుల్ మీద హార్డ్ డిస్కులు గుట్టపడతాయి. క్యాండిడ్ ఒకరిది, ట్రెడిషనల్ ఒకరిది, వీడియో ఇంకొకరిది, డ్రోన్ మరొకరిది. మిగతావి ఎలా ఉన్నా డ్రోన్ ఫోల్డరు తెరిచేటప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ కాస్త టెన్షనే. ఫోన్లో చూసి పెళ్లివాళ్లు మురిసిపోయిన ఫొటోనే నా మానిటర్ మీద వంద శాతం సైజులో తెరిస్తే కొబ్బరాకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. మండపం ముందు ఫ్లెక్సీ మీద పేర్లు చదవడానికి రావు. ఆపరేటరుకు ఫోన్ చేస్తే ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒకటే: "మన డ్రోన్ పాతది అన్నా. కొత్త మోడల్ తీసుకోవాల."

ఈ మాట నేను ఒప్పుకోను. కొత్త డ్రోన్ కొంటే బాగుపడే ఫొటోలు కొన్ని ఉంటాయి, కాదనను. రాత్రి రిసెప్షన్ అలాంటిదే. కానీ నా దగ్గరికి వచ్చే మసక ఫొటోల్లో చాలావాటిని పాడుచేసింది కెమెరా కాదు. ఫోకస్ ఒక్కసారి సరిగ్గా పెట్టుకోకపోవడం ఒకటి. అంతకంటే పెద్దది, అవసరం లేని ఎత్తుకు పోవడం. లక్షలు పోసి కొత్తది కొన్నా ఈ రెండు అలవాట్లూ దానితోపాటే కొత్త పెట్టెలోకి ఎక్కుతాయి.

ముందు ఫోకస్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దీని మీద ఉన్నన్ని అపోహలు ఇంకో దాని మీద లేవు.

నేల మీద ఫొటోలు తీసేవాళ్లకు ప్రతి క్లిక్కుకీ ఫోకస్ ఒక నిర్ణయం. పెళ్లికూతురి కళ్ల మీద పెట్టాలా, ఆమె చేతిలో కొబ్బరిబోండం మీద పెట్టాలా అని. 85 మిల్లీమీటర్ల లెన్సు ఎపర్చర్‌ను, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని, 1.8 దగ్గర (అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) తెరిస్తే కన్ను షార్ప్‌గా ఉండి చెవి కరిగిపోతుంది. డ్రోన్‌కు ఆ బాధ లేదు. వెలుగును ఫొటోగా మార్చే సెన్సర్ చిన్నది, లెన్సు వైడు. ఆ రెండూ కలిస్తే ఒక దూరం దాటాక ఉన్నవన్నీ ఫోకస్‌లోనే ఉంటాయి. ఫొటోగ్రఫీలో దీన్ని హైపర్‌ఫోకల్ దూరం అంటారు. ఒక అంగుళం సెన్సర్ ఉన్న ఫాంటమ్ 4 ప్రో డ్రోన్ తీసుకోండి. లెన్సు 8.8 మిల్లీమీటర్లు, ఎపర్చర్ ఎఫ్ 2.8. మామూలు ప్రింటుకు వేసే పాత లెక్క ప్రకారం దాని హైపర్‌ఫోకల్ దూరం సుమారు 2.5 మీటర్లు. ఒక్కో పిక్సెల్ దగ్గర కూర్చుని కఠినంగా లెక్క కట్టినా 11, 12 మీటర్లు దాటదు. డ్రోన్ దేనికైనా 11 మీటర్ల కంటే దగ్గరగా ఉండేది టేకాఫ్ అప్పుడు, ల్యాండింగ్ అప్పుడు. ఆ రెండు సమయాల్లో ఎవరూ ఫొటో తీయరు.

అంటే ఒకసారి దూరంగా ఉన్నదాని మీద ఫోకస్ పెట్టి, లాక్ చేసి, ఇక ఆ ఊసే మర్చిపోవచ్చు. మినీ 2 లాంటి చిన్న డ్రోన్లలో అయితే ఫోకస్ మార్చే ఏర్పాటే లేదు. మీటరు దాటినవన్నీ ఫోకస్‌లో ఉండేట్టు ఫ్యాక్టరీలోనే బిగించి పంపారు. తమాషా ఏమిటంటే, ఫోకస్ పోయిన ఫొటోలు నాకు ఎక్కువగా వచ్చేది ఈ చవక డ్రోన్ల నుంచి కాదు. ఆటోఫోకస్ ఉన్న ఖరీదైన వాటి నుంచి.

ఎలాగంటే ఇలా. మండపం గేటు దగ్గర డ్రోన్ నేల మీద ఉంది. చుట్టూ పిల్లలు, ఎదురుగా పెళ్లికొడుకు బావమరిది. ఆపరేటర్ రిమోట్ చేతికి తీసుకుని, అలవాటుగా స్క్రీన్ మీద తడతాడు. రెండు మీటర్ల దూరంలో ఉన్న బావమరిది చొక్కా మీద ఫోకస్ కూర్చుంటుంది. సింగిల్ ఆటోఫోకస్ మోడ్‌లో మళ్లీ తట్టేదాకా అది అక్కడే ఉంటుంది. డ్రోన్ 60 మీటర్లు పైకి పోతుంది, లెన్సు మాత్రం ఇంకా బావమరిది దగ్గరే ఆగి ఉంటుంది. పైన చెప్పిన ఫాంటమ్‌తోనే లెక్కేస్తే, రెండు మీటర్ల దగ్గర ఫోకస్ ఉన్నప్పుడు దూరంలో ఉన్న ప్రతి చిన్న చుక్కా సెన్సర్ మీద దాదాపు 6 పిక్సెళ్ల వెడల్పు మచ్చగా పడుతుంది. కొబ్బరాకు అంచు, ఫ్లెక్సీ మీద అక్షరం, పూలదండలో పువ్వు, అన్నీ ఆ మచ్చ కింద కొట్టుకుపోతాయి.

మరి అక్కడే కనిపించదా అంటే, కనిపించదు. అదే అసలు చిక్కు. ఆ ఫొటో 5,472 పిక్సెళ్ల వెడల్పు. దాన్ని ఫోన్ స్క్రీన్ మీద వెయ్యి చిల్లర పిక్సెళ్లకు కుదించి చూపిస్తారు. అంటే అయిదు పిక్సెళ్లు ఒకటవుతాయి. 6 పిక్సెళ్ల మచ్చ ఫోన్లో ఒక చుక్క కంటే కాస్త పెద్దగా ఉంటుందంతే. కంటికి షార్ప్‌గానే ఉంటుంది. ఎండలో, స్క్రీన్ మీద సగం మన మొహమే కనిపిస్తున్నప్పుడు మరీను. "ఫీల్డులో బాగానే ఉండింది అన్నా" అని ఆపరేటర్ చెప్పే మాట అబద్ధం కాదు. బాగానే కనిపించి ఉంటుంది. నేను అడిగేది ఒకటే: పైకి పోగానే ఒక ఫొటో తీసి, ప్లేబ్యాక్‌లోకి వెళ్లి, వేళ్లతో సాగదీసి చూడండి. అర నిమిషం పని.

2016లో మావిక్ ప్రో డ్రోన్ వచ్చిన కొత్తలో ఫొటోలు మెత్తగా వస్తున్నాయని చాలామంది గోల పెట్టారు. అంతకుముందు ఫాంటమ్ 3, ఫాంటమ్ 4 నడిపినవాళ్లకు ఫోకస్ అనే పనే తెలియదు, వాటిది ఫిక్స్‌డ్ ఫోకస్. మావిక్ ప్రోలో మాత్రం తట్టాలి. అదే అలవాటుతో నడిపినవాళ్ల ఫొటోలే అందులో చాలా. ఇక్కడా అంతే, చిన్న డ్రోన్ మీద చేయి తిరిగినవాడు పెద్ద డ్రోన్‌కు మారిన మొదటి సీజన్లో నాకు పని ఎక్కువ.

ఎక్కడ తట్టాలన్నది కూడా ముఖ్యమే. చాలా డ్రోన్ల ఆటోఫోకస్ పనిచేసేది కాంట్రాస్ట్ చూసుకుని. తెలుపు పక్కన నలుపు, గీత పక్కన గీత ఉంటే ఇట్టే పట్టుకుంటుంది. మంచు పట్టిన శేషాచలం కొండల మీద తడితే దానికి పట్టు దొరకదు. ముందుకీ వెనక్కీ ఊగి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. కొండ దూరంగా ఉంది కదా అని దాని మీద తట్టడం సహజమే, కానీ 30, 40 మీటర్ల దూరంలో ఉన్న ఇంటి మిద్దె అంచు మీదో, ఓవర్‌హెడ్ ట్యాంకు మీద రాసిన అక్షరాల మీదో తట్టడం మేలు. ఆ దూరం దాటాక కొండ అయినా చంద్రుడైనా లెన్సుకు ఒకటే. ఫోకస్ పట్టాక మాన్యువల్‌కు మార్చేస్తే ఆ ఫ్లైట్ అంతా అది కదలదు.

కొందరు మాన్యువల్ పెట్టి స్లయిడర్‌ను చివరికంటా లాగేస్తారు, అదే అనంతం, అంటే ఎంత దూరాన ఉన్నా ఫోకస్ పడే చోటు, అనుకుని. చాలా ఆటోఫోకస్ లెన్సులు అనంతం దాటి కూడా కాస్త తిరుగుతాయి. ఎండకు, చలికి లెన్సు లోపలి కొలతలు మారతాయి కాబట్టి ఆ వెసులుబాటు కావాలనే పెడతారు. మే నెలలో మన ఎండలకు సిమెంటు నేల మీద కాసేపు పెట్టిన డ్రోన్ ఎలా కాలుతుందో పట్టుకున్నవాళ్లకు తెలుసు. కాబట్టి చివరికి లాగి ఊరుకోకుండా, తట్టి పట్టుకున్న చోటునే నమ్మండి. పీకింగ్ ఆన్ చేసుకుంటే ఫోకస్‌లో ఉన్న అంచుల మీద రంగు గీతలు కూడా వస్తాయి.

ఇంత చేసినా మసకే ఉందంటే లెన్సు అద్దం చూడండి. ఏసీ కారులోంచి తీసి తెల్లవారుజాము గాలిలో పెట్టిన డ్రోన్ లెన్సు మీద తేమ పడుతుంది. ముహూర్తం ఉదయం నాలుగున్నరకు ఉంటే మొదటి పది నిమిషాల ఫొటోలన్నీ పాలు పోసినట్టు వచ్చేది అందుకే. ముందే బయట పెట్టి ఉంచితే సరిపోతుంది. ఇంకొకటి, ఆయుధపూజ రోజు డ్రోన్‌కు గంధం, కుంకుమ పెట్టడం మన పద్ధతి. పెట్టండి, నేను కూడా నా మానిటరుకు పెడతాను. లెన్సు తప్ప ఎక్కడైనా పెట్టండి.

ఇక ఎత్తు. నా అసలు గొడవ దీని గురించే.

డ్రోన్ చేతికి రాగానే పైకి, ఇంకా పైకి పోవాలనిపిస్తుంది. డబ్బు ఇచ్చేవాళ్లు కూడా పక్కన నిలబడి "ఇంకా పైకి పోనీ" అంటారు. కానీ ఎత్తు పెరిగేకొద్దీ ఒక్కో పిక్సెల్ కిందికి వచ్చే నేల పెరుగుతుంది. ఫాంటమ్ 4 ప్రోతో 100 మీటర్ల ఎత్తు నుంచి నిటారుగా కిందికి తీస్తే ఒక పిక్సెల్ 2.7 సెంటీమీటర్ల నేలను మింగేస్తుంది. మనిషి మొహం వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే, అంత దూరం నుంచి ఆ మొహానికి దక్కేది 5, 6 పిక్సెళ్లు. ఆరు పిక్సెళ్లలో పెళ్లికూతురు నవ్వుతోందా ఏడుస్తోందా ఎవరికి తెలుస్తుంది? ఫోకస్ ఎంత పక్కాగా ఉన్నా అక్కడ లేనిదాన్ని లెన్సు తేలేదు. 30 మీటర్లకు దిగితే అదే మొహానికి 18 పిక్సెళ్లు. 15 మీటర్ల దూరం అయితే 36. అక్కడ నవ్వు కనిపిస్తుంది.

దామలచెరువు వైపు ఒక మామిడి రైతు తన తోట పూతను ఫొటో తీయించి, పెద్దది చేసి ఇంట్లో పెట్టుకోవాలనుకున్నాడు. ఆపరేటర్ తెచ్చిన ఫొటోలు దాదాపు అన్నీ 100 మీటర్ల పైనుంచి తీసినవే. మామిడాకు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ ఎత్తు నుంచి ఆకుకు రెండు పిక్సెళ్లు కూడా రావు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. జేపెగ్, అంటే మామూలు ఫొటో ఫైలు, తయారు చేసేటప్పుడు డ్రోన్ తనంతట తాను నాయిజ్ (ఫొటోలో ఇసుక చల్లినట్టుండే చుక్కలు) తగ్గిస్తుంది. ఒకే పచ్చదనంలో ఉన్న సన్నని తేడాలు దానికి నాయిజ్ లాగానే కనిపిస్తాయి. అలా ఆకులన్నీ అరగదీసి నున్నగా చేసేస్తుంది. రైతు ఆ ఫొటో చూసి "ఇదేంది, నాచు పట్టిన కుంట మాదిరుండాది" అన్నాడు. నిజంగానే అలా ఉంది. అదే ఫోల్డరులో అడుగున 25 మీటర్ల ఎత్తు నుంచి, కాస్త వాలుగా తీసిన ఫొటో ఒకటి దొరికింది. దిగేటప్పుడు తీసినట్టుంది. అందులో పూత గుత్తులు గుత్తులుగా, ఎరుపు కలిసిన లేత పసుపులో, చెట్టుచెట్టుకూ విడివిడిగా కనిపించింది. కిందికొమ్మల నీడలో కాపలా మంచం కూడా ఉంది. ఆ ఒక్కటే ప్రింటుకు పోయింది. డ్రోన్ అదే, లెన్సు అదే, పూట కూడా అదే.

నేల కెమెరాలో వెనక ఉన్నదంతా కరిగించి మనిషిని ముందుకు తెచ్చే సౌకర్యం ఉంటుంది. డ్రోన్ ఫొటోలో ఏదీ కరగదు, అన్నీ ఒకేలా ఫోకస్‌లో ఉంటాయి. చూసేవాడి కన్ను ఎక్కడ ఆగాలో చెప్పడానికి మన దగ్గర మిగిలేది ఎండ పడే దిక్కు, నీడ, నేల మీద గరుకుతనం. ఎత్తుకు పోతే ఆ గరుకుతనమే మొదట పోతుంది. షార్ప్‌నెస్ గురించి ఇంత పట్టుబట్టడం చాదస్తం అనేవాళ్లకు నా జవాబు ఇదే. పోర్ట్రెయిట్ కాస్త మెత్తగా ఉన్నా మొహంలోని భావం దాన్ని గట్టెక్కిస్తుంది. పైనుంచి తీసిన వరిమడికి అలా ఆదుకునేది ఏదీ లేదు.

ఆల్బం వైపు నుంచి కూడా ఒక లెక్క చెప్తాను. ఇప్పుడు అందరూ అడిగే కరిజ్మా ఆల్బం షీటు 12 బై 36 అంగుళాలు. 12 మెగాపిక్సెల్ డ్రోన్ ఫొటో 4,000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. దాన్ని షీటు మొత్తానికి పరిస్తే అంగుళానికి 111 పిక్సెళ్లు. చేతి దూరంలో పెట్టుకుని చూసే ప్రింటుకు అది చాలీచాలని లెక్క, కానీ ఫొటో బాగుంటే నెట్టుకురావచ్చు. 20 మెగాపిక్సెల్ అయితే 152. చాలామంది నాకు ఫొటోలే ఇవ్వరు. వీడియో ఇచ్చి "ఇందులోంచి స్టిల్ తీసుకో అన్నా" అంటారు. 4కే వీడియో ఫ్రేము 3,840 పిక్సెళ్లే కదా, ఫొటోకు దగ్గరగానే ఉందనిపిస్తుంది. కాదు. వీడియో మృదువుగా కదలాలని షట్టర్‌ను 1/50 దగ్గర పెడతారు, దానికోసం ఎండలో వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కూడా తగిలిస్తారు. వీడియోకు అది సరైన పనే. డ్రోన్ సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంటే సెకనులో యాభయ్యో వంతులో అది 10 సెంటీమీటర్లు జరుగుతుంది. 30 మీటర్ల ఎత్తులో అది దాదాపు 10 పిక్సెళ్ల ఈడ్పు. ఫోకస్ తప్పితే వచ్చే మసక కంటే ఎక్కువ. 1/1000 దగ్గర తీస్తే అదే కదలిక అర సెంటీమీటరు, పిక్సెల్ కూడా నిండదు. రెండు నిమిషాలు వీడియో ఆపి, డ్రోన్‌ను గాలిలో నిలబెట్టి, ఫిల్టర్ లేకుండా, ఫొటో మోడ్‌లో నాలుగు ఫొటోలు తీస్తే నాకు ఒక రాత్రి పని తగ్గుతుంది. ఫిల్టర్ మార్చడానికి కిందికి దించాలి కదా అంటారు. దించండి.

ఎపర్చర్ మార్చుకునే వీలున్న డ్రోన్లలో ఇంకొక పొరపాటు కనిపిస్తుంది. "ఎఫ్ 11 పెడితే అన్నీ షార్ప్" అన్న నేల మీద పాఠాన్ని పైకి తీసుకుపోతారు. డెప్త్, అంటే ఫోకస్‌లో ఉండే లోతు, మనకు ముందే కావలసినంత ఉంది. పైగా రంధ్రం చిన్నదయ్యేకొద్దీ వెలుగు అంచుల దగ్గర వంగి వ్యాపిస్తుంది. ఎఫ్ 11 దగ్గర ఒక్కో వెలుగు చుక్క దాదాపు 15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మచ్చ అవుతుంది. ఒక అంగుళం, 20 మెగాపిక్సెల్ సెన్సర్ మీద పిక్సెల్ 2.4 మైక్రాన్లే. బావమరిది మీద ఫోకస్ పెట్టి పైకి పోయినప్పటి మచ్చ ఎంతో ఇదీ అంతే. ఎఫ్ 4, 5.6 చాలు.

48 మెగాపిక్సెల్ గురించి కూడా రెండు మాటలు. ఇప్పటి చిన్న డ్రోన్లలో ఆ అంకె పెద్దగా రాసి ఉంటుంది. ఆ సెన్సర్లలో నాలుగేసి పిక్సెళ్లు కలిపి ఒకే రంగు ఫిల్టర్ కింద ఉంటాయి. నాలుగూ కలిసి పనిచేస్తే 12 మెగాపిక్సెళ్లు. విడదీస్తే 48 వస్తాయి కానీ రంగు వివరం నాలుగు రెట్లు పెరగదు. ఎండ బాగా ఉండి, డ్రోన్ కదలకుండా నిలబడితే కొంత లాభం ఉంది, షీటు మీద తేడా తెలుస్తుంది. సాయంత్రం అయితే 12లోనే, రా ఫైలు (డ్రోన్ నున్నగా చేయని, సెన్సర్ పట్టినది పట్టినట్టుండే ఫైలు) తీయండి. నాకు ఎడిటింగ్‌లో చేతికి పని ఉంటుంది.

గాలి సంగతి వేరు. తిరుపతి డ్రోన్ ఫొటో అంటే అందరికీ వెనక కొండలు కావాలి. ఊరికి ఉత్తరాన నిలబడ్డ ఆ ఎర్రరాతి గోడ ఫ్రేములో ఉంటే ఫొటోకు వచ్చే నిండుదనమే వేరు, నిజమే. కానీ డ్రోన్‌కూ ఆ కొండకూ నడుమ అయిదారు కిలోమీటర్ల గాలి ఉంటుంది. అందులో దుమ్ము, తేమ, పొగ. వాటి మీద పడి చెదిరిన వెలుగంతా ఫొటో మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. దీనికీ ఫోకస్‌కూ సంబంధం లేదు. మధ్యాహ్నం అయితే కాలిన నేల మీదనుంచి లేచే వేడి గాలి కొండ అంచును వణికిస్తుంది కూడా. ఎన్ని లక్షల లెన్సు అయినా ఆ గాలిలోంచే చూడాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ పొరను తగ్గించే డీహేజ్ అని ఒక మీట ఉంది. నేను రోజూ వాడతాను. ఎక్కువ లాగితే ఆకాశం మచ్చలు పడుతుంది, కొండ నీలం తిరుగుతుంది.

అందుకే వేళ చూసుకోవాలి. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఒక వాన కురిసి వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టుంటుంది. కొండ మీద పొరలు పొరలుగా ఉన్న రాతి గీతలు ఊళ్లోంచే లెక్కపెట్టుకోవచ్చు. పైగా ఆ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, ఊరి వైపు తిరిగిన రాతి గోడ మీద పగలంతా ఎండ పడుతుంది. ఏప్రిల్ ఆఖరికి వచ్చేసరికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీద ఉంటాడు. చెట్టు నీడ చెట్టు కిందే ముడుచుకుంటుంది. పైనుంచి చూస్తే నేల మీద ఎత్తుపల్లాలు తెలియవు. సరిగ్గా ఆ ఎండలోనే, పన్నెండు గంటలకు, వెంచర్ల బ్రోచర్ల కోసం డ్రోన్లు లేస్తాయి. అంకణం ఇంత అని అమ్మే ఆ ప్లాట్లు ఫొటోలో సున్నం కొట్టిన పలకలా తెల్లగా, అడ్డగీతలతో వస్తాయి. ఉదయం ఏడు గంటలకు రమ్మంటే సైట్ మేనేజర్ రాడట. చలికాలం తెల్లవారుజామున చిత్తూరు వైపు పల్లెల్లో ఇంకో రకం ఇబ్బంది, మంచుతోపాటు బెల్లం వండే చోట పొగ నేలబారుగా పరుచుకుని ఉంటుంది. పొద్దెక్కనిచ్చి, అది లేచాక తీసుకోవాలి. లేదంటే ఆ పొగనే ఫొటో చేసుకోవాలి, అది ఇంకా మేలు.

కొండలు అనగానే ఒక మాట చెప్పకుండా ఉండలేను. "కొండ మీదికి ఒక్క షాట్ అన్నా, ఎవరికీ తెలియకుండా" అని అడిగే కస్టమర్లు ప్రతి సీజన్లో ఉంటారు. తిరుమల మీద డ్రోన్ నిషేధం. అడవి వైపు పోయినా అనుమతి లేకుండా కుదరదు. అలాంటి ఫుటేజీ ఎవరు తెచ్చినా నేను ఎడిట్ చేయను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్లో కూడా 400 అడుగులు, అంటే 120 మీటర్లే హద్దు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. అంతకంటే దగ్గరైతే ముందుగా అనుమతి ఉండాల్సిందే. రేణిగుంట విమానాశ్రయం పక్కనే పెట్టుకుని బతికే ఊరు మనది. ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మ్యాప్ చూసుకోవడం మామూలు జాగ్రత్త. ఆ 200 అడుగులను అందరూ శిక్షలా చూస్తారు. 60 మీటర్లు! పెళ్లికి, తోటకు, ఇంటికి అంతకంటే ఎత్తు ఎందుకో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఎత్తు కావలసిన చోట్లు ఉన్నాయి, వాటిని తీసేయను. తిరుపతి దగ్గరి రాయలచెరువు అలాంటిది. 2021 నవంబరు వానలకు ఆ చెరువు కట్ట లీకై, కింద ఉన్న ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు జిల్లా అంతా ఊపిరి బిగబట్టింది. కొండల నడుమ నీళ్లు ఎంత దూరం నిలబడ్డాయో, కట్ట ఎక్కడుందో, దాని కింద పొలాలు, ఊళ్లు ఎలా ఉన్నాయో ఒకే ఫొటోలో తెలియాలంటే 30 మీటర్లు చాలవు. అక్కడ ఒక్కో ఆకు కనిపించకపోయినా నష్టం లేదు, చెప్పాల్సింది వేరే. భూముల రీసర్వే కూడా అంతే. సర్వే డ్రోన్ల పనితీరు చూస్తే మన పెళ్లి ఆపరేటర్లు నేర్చుకోవలసింది చాలా ఉంది. ఫోకస్ ఒకసారి పెట్టి తాళం వేస్తారు. కావలసిన వివరానికి ఎంత ఎత్తు సరిపోతుందో ముందే లెక్క కడతారు, అంతకంటే పైకి పోరు. ఒక ఫొటో మీద ఇంకో ఫొటో ముప్పాతిక వంతు పడేలా వరసగా తీసుకుంటూ పోతారు. మొత్తం తోట ఒకే ఫొటోలో, ఆకు ఆకూ కనిపించేట్టు కావాలంటే పెళ్లి డ్రోన్‌తో కూడా ఇదే దారి. 40 మీటర్ల నుంచి వరసగా తీసి కుట్టుకుంటే, 120 మీటర్ల నుంచి తీసిన ఒక్క ఫొటో కంటే మూడు రెట్లు సన్నని వివరం వస్తుంది. కుట్టే పని నాదే కాబట్టి నేను ధైర్యంగా చెప్తున్నాను.

రాత్రి పూట విషయంలో మాత్రం నేను ఆపరేటర్ల పక్షమే. చిన్న సెన్సర్, చీకటి, సీరియల్ బల్బులు కలిస్తే ఆటోఫోకస్ వెతుక్కుంటూనే ఉంటుంది. వీధి దీపం మీద తట్టి లాక్ చేసుకోమని చెప్పగలను, అంతకుమించి చేసేదేమీ లేదు. జాతర రోజుల్లో జనం తలల మీద ఎగరేసి తెచ్చిన ఫుటేజీ చూస్తే నాకు ఫొటో కంటే ముందు ఆ రెక్కలే గుర్తొస్తాయి. పక్క మిద్దె మీద నిలబడి మామూలు కెమెరాతో తీస్తే ఇంతకంటే బాగా వస్తుంది.

చివరికి గొడవంతా ప్యాకేజీ కాగితం దగ్గరికే వస్తుంది. స్టూడియోలు "4కే డ్రోన్, రెండు గంటలు" అని రాస్తాయి. కస్టమర్ కొనేది ఆ అంకెను, ఆ గంటలను. ఆ రెండు గంటలూ గాలిలో ఉండి వీడియో తీయకపోతే డబ్బు వృథా అయిందనుకుంటాడు. ఆపరేటర్ కూడా బ్యాటరీలు మార్చుకుంటూ ఎండలో తిప్పుతూనే ఉంటాడు. నా చేతికి వచ్చేసరికి వందలకొద్దీ జీబీలు ఉంటాయి, షీటుకు పనికొచ్చే ఫొటో ఒకటో రెండో. నాకు తెలిసిన ఒకరిద్దరు స్టూడియోవాళ్లతో ఈ మధ్య గట్టిగానే వాదించాను. గంటలు కొట్టేసి, "ఉదయం ఎండలో డ్రోన్ ఫొటోలు పది, రా ఫైళ్లతో" అని రాయమన్నాను. ఒకరు నవ్వి ఊరుకున్నారు, ఇంకొకరు వచ్చే మాఘమాసం పెళ్లిళ్లకు రాసి చూస్తానన్నారు. ఫైళ్లు వాట్సాప్‌లో పంపొద్దని, అది ఫొటోను కుదించేస్తుందని కూడా చెప్పాను. పంపితే కనీసం డాక్యుమెంట్‌గా పంపమన్నాను. ఆ ఒక్కటి మాత్రం ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.